ఇనుము బిస్కెట్లు

పంకజాక్షికి కోపం ఎక్కువ. ఈ మాట ఆమె వెనకాల గుసగుసలాడాల్సిన పని లేదు, ముందరే అనొచ్చు. "ఉంటే ఏంది? కోపం లేనోళ్ళు ఏం పొడిచినారు ఈ ఊర్లో?" అని ఎదురడుగుతుంది. బళ్ళారి గాంధీనగర్‌లో ఆమెకు ఇనుము బిస్కెట్ల పంకజాక్షి అని పేరు. ఆ బిస్కెట్లలో ఇనుము రవ్వంత కూడా లేదు. వేరుశనగ ముద్ద, కోకో పొడి, పుట్నాల పిండి, బెల్లం, పాలపొడి, కాస్త నెయ్యి, అంతే. ఇనుము పేరు ఎట్లా వచ్చిందో చెప్పాలంటే ఆడపడుచు పాపి కాన్పు గురించి చెప్పాలి. అది 1981 సంగతి.

పంకజాక్షి మామ విరూపాక్షయ్యకు బజారులో శనక్కాయల మండీ ఉండేది. సీజనులో సిరుగుప్ప నుంచి, ఆదోని నుంచి, గుంతకల్లు నుంచి బస్తాలు దిగుతుంటే మండీ ముందు నడవడానికి దారి దొరికేది కాదు. కానీ ఆ ఇంట్లో వేరుశనగ గింజ నోట్లో వేసుకున్నవాళ్ళు లేరు. అది విరూపాక్షయ్య తండ్రి పెట్టిన కట్టు. సరుకు తినడం మరిగినవాడు దుకాణాన్ని తింటాడట. అందుకని మండీ సరుకు ఇంటి గడప దాటకూడదు. కొబ్బరి చట్నీ, పుట్నాల చట్నీ, చింతకాయ తొక్కు, ఏదైనా ఉండొచ్చు గానీ శనక్కాయ చట్నీ లేదు. బళ్ళారి మొత్తానికి నూనె పోసే ఇంట్లో పిల్లలు పక్కింటి పిల్లల చేతుల్లో శనక్కాయ ఉండలు చూసి చప్పరించేవాళ్ళు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు చూడండి, అది ఆ ఇంటిని చూసే పుట్టి ఉంటుంది.

ఆ ఇంటికి పంకజాక్షి పద్దెనిమిదో ఏట కోడలిగా వచ్చింది. భర్త శంకరనారాయణ నెమ్మదస్తుడు. తండ్రి మాటకూ తల్లి మాటకూ మధ్య గొడుగు పట్టుకుని నిలబడే రకం. పంకజాక్షికి తల్లి లేదు, తొమ్మిదో ఏటనే పోయింది. ఉన్నది ఒక్క అన్న, పద్మనాభ. దోణిమలై ఇనుప గనుల ఆఫీసులో గుమాస్తా. పెళ్ళి కాలేదు, టౌన్‌షిప్ క్వార్టర్స్‌లో ఇంకో ఇద్దరితో కలిసి ఉండేవాడు. పుట్టింట్లో పురుడు పోసే ఆడదిక్కు లేక ఆమె మొదటి కాన్పు అత్తగారింట్లోనే జరిగింది.

బాధంతా కాన్పుది కాదు. తర్వాత వచ్చే పథ్యానిది. అత్త నాగలక్ష్మమ్మ పథ్యం అంటే దాటరాని గీత. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, చెంచాడు నెయ్యి. పప్పు పెడితే బిడ్డకు వాతం. పెరుగు పెడితే జలుబు. కూర పెడితే కడుపునొప్పి. వేరుశనగ మాటెత్తితే పైత్యం. మంచినీళ్ళు కూడా కొలిచి పోయడమే, అదీ కాగబెట్టినవి. రోజుకు ఒక పూట, మధ్యాహ్నం. సాయంత్రం ఆకలేస్తుందంటే, "బాలింతకు ఆకలేంది? అది ఒట్టి గాలి. నోరు కట్టుకోవల్ల" అనేది. పదకొండో రోజుకి పంకజాక్షి స్నానాలగదిలో కళ్ళు తిరిగి పడింది. పదిహేనో రోజుకి పాలు తగ్గాయి. ఆవుపాలలో నీళ్ళు కలిపి పోశారు, బిడ్డకు పడలేదు. ఆడపిల్ల. ఇరవయ్యేడు రోజులు బతికింది.

"దాని ఆయుష్షు అంతే" అన్నారు అందరూ. పంకజాక్షి కూడా అవుననే తలూపింది. అప్పుడు ఆమెకు కోపం రాలేదు. కోపం రావాలన్నా ఒంట్లో కాస్త రక్తముండాలి. ఆర్నెల్లకు ఒళ్ళు చేరాక, ఒకరోజు వంటింట్లో బియ్యం ఏరుతుంటే వచ్చింది. అది మళ్ళీ పోలేదు.

నాలుగేళ్ళు గడిచాయి. ఆమెకు మళ్ళీ కడుపు పండలేదు. కార్తీక మాసంలో పాపి పురిటికి వచ్చింది. పాపి అంటే విరూపాక్షయ్య చివరి కూతురు. ఇరవయ్యేళ్ళది, ఆదోనిలో బట్టల వ్యాపారస్తుల ఇంటికి ఇచ్చారు. పేరు వేరే ఉన్నా ముద్దుగా పిలిచిందే నిలిచిపోయింది. నోట్లో నాలుక లేని పిల్ల. ఆస్పత్రిలో మగబిడ్డను కని నాలుగో రోజుకి ఇంటికి వచ్చింది. అదే నడిమి గది, కిటికీ లేనిది. అదే నులక మంచం. అదే వెల్లుల్లి కారం.

ఆడపడుచూ వదినా అంటే ఉప్పూ నిప్పూ అనుకుంటారు లోకులు. పాపి ఒక్కతే ఆ ఇంట్లో పంకజాక్షి బిడ్డ పోయినప్పుడు పక్కన కూర్చుని ఏడ్చింది. ఆ పిల్ల మంచం మీద చెవుల్లో దూది పెట్టుకుని, నెత్తికి గుడ్డ చుట్టుకుని, ఎండిన పెదాలు తడుపుకుంటూ పడుకుని ఉంటే పంకజాక్షికి ఒళ్ళు మండిపోయేది.

నాగలక్ష్మమ్మ చెడ్డది కాదు. ఇక్కడే పంకజాక్షికి ఊపిరాడేది కాదు. రాక్షసి అయ్యుంటే కోపానికి ఒక దారి దొరికేది. ఆమె కూతురికి సాంబ్రాణి ధూపం వేసేది, ఒళ్ళంతా నువ్వుల నూనె పట్టించేది, మనవడిని కాళ్ళ మీద వేసుకుని పాటలు పాడేది. కూతురి మీద ప్రాణం పెట్టుకుని కూతురి కడుపు మాడ్చేది. ఇక ఆవిడనేమనాలి?

ఇరవయ్యో రోజున బిడ్డను తూకం వేయించడానికి పంకజాక్షి, నాగలక్ష్మమ్మ ఆస్పత్రికి తీసుకుపోయారు. నర్సమ్మ తక్కెట్లో వేసి చూసింది. పుట్టినప్పటికంటే పావుకిలో తగ్గాడు. మళ్ళీ వేసింది. అంతే ఉంది.

"తల్లికి ఏం పెడ్తాండారమ్మా?" అంది నర్సమ్మ.

"పథ్యం పెడ్తాండాం. లోపమేమీ చేయల్యా" అంది నాగలక్ష్మమ్మ.

"పథ్యం బూదిలో పొయ్యి. తల్లి ఒంట్లో రక్తం, ప్రోటీన్ లేకుంటే పాలు యాడ నుంచి వస్తాయి? గుడ్డు పెట్టండి."

"శివశివ! మేము గుడ్డు ముట్టేవాళ్ళమా?"

"అట్లయితే పప్పు పెట్టండి, పాలు పోయండి, శెనక్కాయలు పెట్టండి. శెనక్కాయలకి ఏం రోగం? మీ ఇంట్లో బస్తాలు బస్తాలు ఉండాయి కదా! ఇట్లే ఉంటే ఇంకో పదిహేను దినాలకు ఈ బిడ్డను తీసుకొచ్చే పని ఉండదు, చెప్తాండా."

ఇంటికి వచ్చాక నాగలక్ష్మమ్మ, "ఆ నర్సు నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల, దానికేం తెలుసు? నేను ఐదుగురిని కనింటి" అని కాళ్ళు కడుక్కుని లోపలికి పోయింది. పంకజాక్షి మగనితో చెప్పింది. శంకరనారాయణ గడ్డం గోక్కుని, "అమ్మతో నేనెట్లా చెప్పేది? ఆడోళ్ళ సంగతి" అన్నాడు. మామతో చెప్పించమంది. "నాయనకు ఇట్లాంటివి చెప్తే బాగుండదు" అన్నాడు. పోయింది తన బిడ్డ అయినా ఆ రోజూ ఆయన ఇట్లాగే గడ్డం గోక్కున్నాడు.

మర్నాడు మామకు భోజనం క్యారియర్ ఇవ్వడానికి పంకజాక్షి మండీకి పోయింది. వెనక పెరట్లో ఆడకూలీలు వేరుశనగ పప్పులో రాళ్ళు ఏరుతున్నారు. వాళ్ళలో హనుమక్క అని ఒకామె. పాపి కన్న వారానికే ఆమె కూడా కనింది. పదో రోజుకే పనిలోకి వచ్చింది. బస్తాల నీడలో గోనె పట్టా మీద ఆమె బిడ్డ పడుకుని ఉంది. బుగ్గలు గుండ్రంగా, మణికట్టు దగ్గర మడతలు పడి ఉంది. పంకజాక్షి ఆ బిడ్డ దగ్గర గొంతుక్కూర్చుని చాలాసేపు లేవలేదు.

"నువ్వు ఏం తింటాండావు హనుమక్కా?"

"ఏం తింటానమ్మా? జొన్నరొట్టె, శెనక్కాయల కారం. వారానికోసారి అయ్య పగిలిన పప్పు ఇస్తాడు కదా, అదే దంచుకొని బెల్లంతో తింటాండా. యాల అడిగినావు?"

ఏరిపారేసిన పగుళ్ళు తిని కూలిమనిషి బిడ్డ బొద్దుగా ఉంది. బస్తాల యజమాని మనవడు ఎండిపోతున్నాడు. అప్పుడు పంకజాక్షికి వచ్చిన కోపం అత్త మీద కాదు, మామ మీద కాదు, తన మీద తనకే. నాలుగేళ్ళ కింద ఇదే పెరట్లోకి వచ్చి ఒక గుప్పెడు పప్పు నోట్లో పోసుకోవాలని తనకెందుకు తోచలేదు? ఎవరు చెయ్యి పట్టుకున్నారు?

"ఆ పగులు పప్పు నాకు ఇస్తావా? దానికి బదులు బియ్యం ఇస్తా. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు."

హనుమక్క ఆమె మొహంలోకి చూసింది. "పాపమ్మకా?" అంది. పంకజాక్షి తలూపింది. "బియ్యం వద్దు, ఏమొద్దు. తీసుకొనిపో" అంది హనుమక్క.

పప్పు దొరికింది. పెట్టేదెట్లా? గిన్నెలో పెడితే పట్టుబడుతుంది, ఉండ చేస్తే కనబడుతుంది. నాగలక్ష్మమ్మ కూతురి నోట్లోకి పోయే ప్రతి మెతుకునూ చూసేది. కానీ ఆమె పథ్యానికి ఒక సందు ఉంది. బిస్కెట్టు. బ్రెడ్డూ బిస్కెట్టూ దొరల తిండి, డాక్టర్లు రోగులకు రాసే తిండి. పాతకాలపు పథ్యంలో వాటి పేరే లేదు కాబట్టి నిషేధమూ లేదు. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజున పాపి రెండు ఉప్పు బిస్కెట్లు తింటే నాగలక్ష్మమ్మ ఏమీ అనలేదు.

ఆ రోజుల్లో బళ్ళారిలో ఇంటి బిస్కెట్లంటే ఇంట్లో కాల్చేవి కావు. పిండి, చక్కెర, డాల్డా డబ్బాల్లో పోసుకుని బేకరీకి తీసుకుపోతే, పొద్దున బ్రెడ్డు తీసేసిన తర్వాత మిగిలిన భట్టీ వేడిలో వాళ్ళే కలిపి, అచ్చులు వేసి కాల్చి ఇచ్చేవాళ్ళు. ఎవరి రేకు మీద వాళ్ళ గుర్తు సుద్దముక్కతో రాసేవాళ్ళు. కౌల్ బజారులో ఖాసిం సాబు బేకరీ ముందు పది గంటలకు డబ్బాలు పట్టుకుని ఆడవాళ్ళు వరసగా నిలబడేవాళ్ళు. పంకజాక్షి ఆ వరసలో చేరింది. ఇంట్లో కుట్టు క్లాసుకని చెప్పింది.

రంగు మార్చాలి, వాసన మార్చాలి. దానికి కోకో పొడి కావాలి. ఆమె ఒకసారి దోణిమలైకి పోయినప్పుడు అన్న పాలలో కోకో కలిపి ఇచ్చాడు. ఆ చాక్లెట్టు వాసన ముందు ఇంకే వాసనా నిలవదని ఆమెకు గుర్తు. పద్మనాభకు ఉత్తరం రాసింది. అతను ఆదివారం బస్సులో టౌన్‌షిప్ స్టోరు నుంచి రెండు డబ్బాలు తెచ్చి ఇచ్చాడు. ఎందుకని అడగలేదు. చెల్లెలి మొహం చూస్తే అడగాలనిపించి ఉండదు.

హనుమక్క గుడిసెలో పప్పు వేయించి, పొట్టు చెరిగి, రోట్లో వేసి రుబ్బారు. మొదట పొడి అయింది, తర్వాత ఉండలు కట్టింది, చెయ్యి నొప్పి పుట్టేదాకా తిప్పితే నూనె ఊరి మెత్తగా వెన్నలా జారింది. అంత కోపంగా రుబ్బిన పిండి బళ్ళారిలో ఇంకొకటి ఉండదు.

మొదటి వాయ దండగైంది. పంకజాక్షి ముద్దలో నెయ్యి ధారాళంగా పోసింది. భట్టీలోకి పోయిన బిస్కెట్లు పోయినట్టు రాలేదు. రేకంతా పరుచుకుని, నూనె కక్కి, అడుగున మాడాయి. ఖాసిం సాబు రేకును బండ మీద పెట్టి, మీసం మీద పిండి తుడుచుకుని, "అరె అమ్మా, ఇది బిస్కెట్ కాదు, హల్వా కాదు. ఏందిది?" అన్నాడు. వరసలో ఆడవాళ్ళు నవ్వారు. పంకజాక్షికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నవ్వండి, నవ్వండి! మీ ఇంట్లో బిడ్డ చచ్చిపోతాంటే తెలుస్తాది!" అని అరిచింది. ఖాసిం సాబు కాసేపు ఆమెనూ రేకునూ చూసి, ఆడవాళ్ళు వెళ్ళేదాకా ఆమెను పక్కన కూర్చోబెట్టాడు. సంగతంతా విన్నాడు.

"శెనక్కాయలోనే నూనె ఉండాది. నువ్వు మళ్ళీ నెయ్యి పోస్తే యాడికి పోతాది? నెయ్యి రెండు చెంచాలు చాలు. పుట్నాల పిండి ఎక్కువ కలుపు, అది నూనెను పట్టుకుంటాది. చక్కెర వద్దు, బెల్లం మెత్తగా కొట్టి తే. పాలపొడి ఎయ్యి. మంట తగ్గినాక, ఆఖర్న, పైన ఇటుకల మీద పెడ్తా" అన్నాడు. పంకజాక్షి గొంతు తగ్గించి, "మా రేకుకు గుడ్డు తగలకుండా..." అంది. "కొత్త రేకు తీసి పెడ్తానమ్మా. మీ కోమట్ల సంగతి నాకు తెలీదా?" అన్నాడు.

రెండో వాయ నిలిచింది. నల్లగా, గుండ్రంగా, అంచుల్లో పగుళ్ళతో, విరిస్తే లోపల మెత్తగా ఉంది. చాక్లెట్టు వాసన తప్ప ఇంకేమీ రాలేదు.

డబ్బా తెచ్చి ఇంట్లో పెట్టిందో లేదో నాగలక్ష్మమ్మ మూత తీసింది.

"ఏందివి, ఇంత నల్లగా ఉండాయి?"

"బిస్కెట్లు అత్తా. పాపికి మంచిదని. అన్న దోణిమలై నుంచి పొడి తెచ్చిచ్చినాడు, అది కలిపి ఖాసిం సాబు బేకరీలో చేయించినా."

నాగలక్ష్మమ్మ అటకమీద ఉన్న కోకో డబ్బా దించి మూత తీసి చూసింది. ముదురు గోధుమ రంగు పొడి. దోణిమలై లారీలు ఊరిమీద పోతే ఇళ్ళ మీద, బట్టల మీద, నాలుక మీద పడే దుమ్ము సరిగ్గా ఆ రంగే. వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుంది. చేదు. ఆమె మొహం విప్పారింది.

"ఇనుమే! ఇంగ్లీషు మందు. నర్సమ్మ కూడా రక్తం తక్కువుండాదని అనె కదా? దోణిమలై కొండంతా ఇనుమే అంటారు, మందు చేస్తాండారేమో ఆ కంపెనీవాళ్ళు. మంచి పని చేసినావు పంకజా. నాకు తోచనే ల్యా."

పంకజాక్షి కోకో డబ్బాకు మూత పెట్టింది. అబద్ధం ఆమె చెప్పలేదు, అత్తే చెప్పుకుంది. నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో ఒక్క మాట తనకు కలిసిరాలేదు, ఇది కలిసొచ్చింది. పోనీ.

నాగలక్ష్మమ్మ తన చేత్తోనే రెండు బిస్కెట్లు తీసుకుపోయి కూతురికి ఇచ్చింది. పాపి ఒకటి కొరికింది. నమలడం ఆపింది. గడపలో నిలబడ్డ వదిన వైపు చూసింది. శనక్కాయల ఇంట్లో పుట్టి శనక్కాయ తినని పిల్లకు కూడా ఆ రుచి తెలిసిపోయింది. మళ్ళీ నమలడం మొదలుపెట్టింది, ఈసారి గబగబా. రెండోది తల్లి గది దాటేలోపే అయిపోయింది.

ఆ తర్వాత పొద్దున రెండు, సాయంత్రం రెండు, నాగలక్ష్మమ్మ లేనప్పుడు ఇంకో రెండు. చెంబులో నీళ్ళు దుప్పటి కింద దాచి పంకజాక్షి తెచ్చి ఇచ్చేది. వారం తిరిగేసరికి బిడ్డ ఏడుపులో గొంతు వచ్చింది. రెండు వారాలకు పాపి రవిక తడవడం మొదలైంది. నర్సమ్మ బిడ్డను తక్కెట్లో వేసి, "ఇప్పుడు తల్లికి తిండి పెడ్తాండారు" అంది. నాగలక్ష్మమ్మ గర్వంగా, "ఇనుము బిస్కెట్లు పెడ్తాండాం" అంది. నర్సమ్మ అర్థం కాక పంకజాక్షి వైపు చూస్తే, ఆమె గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడింది.

అక్కడితో ఆగితే బాగుండేది. నాగలక్ష్మమ్మ ఊరుకుంటుందా? వీధి వీధంతా చెప్పుకుంది. పక్కింటి విజయమ్మ కూతురు కూడా పురిటికి వచ్చింది. "మా పంకజ కుట్టు క్లాసుకు పోయింది, మనమే పోయి చేయించుకొస్తాం పద. డబ్బా నా దగ్గరుండాది" అని కోకో డబ్బా చంకలో పెట్టుకుని, విజయమ్మను వెంటబెట్టుకుని, ఆటోలో కౌల్ బజారుకు పోయింది. ఖాసిం సాబు ఆమెను ఎరగడు. నల్ల బిస్కెట్లు కావాలంటే డబ్బా చూసి తలూపి, "పుట్నాల పిండి ఉండాదా? సరే. శెనక్కాయ ముద్ద యాడ?" అన్నాడు.

"శెనక్కాయ ముద్ద ఏందప్పా?"

"దాంతోనే కదమ్మా బిస్కెట్టు! సగం అదే. ఆ శెట్టెమ్మ ప్రతి వారం డబ్బాడు తెస్తాండాది."

విజయమ్మ ముందర, ఆ వరసలో నిలబడ్డ పదిమంది ముందర.

పంకజాక్షి ఇంటికి వచ్చేసరికి బిస్కెట్ల డబ్బా పెరట్లో బోర్లా పడి ఉంది. బిస్కెట్లు మట్టిలో ఉన్నాయి. నాగలక్ష్మమ్మ నడిమి గది గడపలో నిలబడి ఉంది. కొంగు భుజం మీది నుంచి జారినా సర్దుకోలేదు.

"నా బిడ్డకు పైత్యం పెట్టినావు. నా చేత్తోనే పెట్టించినావు! నీ బిడ్డ పొయిందని నా మనవడి మీద కన్నేసినావా?"

ఆ మాటకు పంకజాక్షి గొంతు లేచింది. "కన్నేసింటే ఊరికే ఉంటే చాలు కదా అత్తా! మీరే సంపేస్తాంటిరి. నేను చెయ్యి కూడా ఎత్తే పని ల్యా!"

"నోరు ముయ్! ఇంక ఈ గదిలోకి కాలు పెట్టినావంటే..."

"అమ్మా."

ఇద్దరూ తిరిగి చూశారు. పాపి మంచం మీద లేచి కూర్చుంది. బిడ్డ పాలు తాగుతున్నాడు. నోట్లో నాలుక లేని పిల్ల, తల్లి వైపు తలెత్తి చూసింది.

"అమ్మా, నాకు ఆకలైతాండాది. మొదటి దినం నుంచీ ఆకలైతానే ఉండాది. ఆ బిస్కెట్లు తింటే తగ్గె. నువ్వు పారేస్తే మట్టిలో నుంచి ఏరుకొని తింటా."

"బాలింతకు ఆకలేందే..." అని మొదలుపెట్టింది నాగలక్ష్మమ్మ, ఎప్పటి పాటే. పాట పూర్తి కాలేదు. గడప పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది. ఎవరికో కాదు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు అంది: "నాకు కాలేదనుకొంటివా? ఐదు కాన్పులు. ఈ గదిలోనే. రెండో కాన్పులో ఆ మూల గోడ సున్నం గీక్కొని తినింటి. మా అత్త చూసి చేతి మీద వాత పెట్టింది. ఓర్చుకోల్యా నేను?"

ముంజేతి మీద తెల్లటి మచ్చ ఉంది. పంకజాక్షి దాన్ని పెళ్ళైనప్పటి నుంచీ చూస్తూనే ఉంది. వంటింట్లో కాలిందనుకుంది. ఇంకొకరైతే ఆ మచ్చ చూసి కరిగిపోయి అత్త చెయ్యి పట్టుకుని ఏడ్చి ఉండేవాళ్ళు. పంకజాక్షికి అంతకుముందెన్నడూ రానంత కోపం వచ్చింది. తెలియక చేశారని ఇన్నాళ్ళూ అనుకుంది. ఆ ఒక్క అనుకోవడం మీదే ఈ ఇంట్లో నాలుగేళ్ళు కాపురం చేసింది.

"ఆకలంటే ఏందో తెలుసా నీకు? సున్నం తినేంత ఆకలి తెలిసుండే నాకు పెట్టకపోతివా? నేను అన్నం అడుక్కుంటి నిన్ను. ఆ గదిలో నుంచి చెయ్యి చాపి అడుక్కుంటి. గాలి అంటివే! గాలి అని నీకు ఎవరు చెప్పిరి? నీ కడుపు చెప్పెనా?"

పాపి ఏడుస్తోంది. బిడ్డ మాత్రం ఏమీ పట్టనట్టు తాగుతూనే ఉన్నాడు. పంకజాక్షి పెరట్లోకి పోయి డబ్బా తీసుకుని, మట్టి అంటనివి నాలుగు ఏరి, తెచ్చి పాపి ఒళ్ళో పెట్టింది. అత్తను దాటుకుంటూ పోయింది, దాటుకుంటూ వచ్చింది. ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యి రాజుకోలేదు.

మర్నాడు పొద్దున పంకజాక్షి లేచేసరికి వంటింట్లో నుంచి పొగ వస్తోంది. పెనం మీద వేరుశనగ పప్పు వేగుతోంది. ఆ గడప దాటి లోపలికి వచ్చిన మొదటి శనక్కాయలు అవి. పొయ్యి ముందు నాగలక్ష్మమ్మ కూర్చుని గరిటె తిప్పుతోంది. జన్మలో వేయించి ఎరగదు కాబట్టి మంట పెద్దది పెట్టింది, సగం పప్పు నల్లబడింది. విరూపాక్షయ్య నడవాలో నిలబడి చూసి, ఏదో అనబోయి, భార్య మొహం చూసి, చెప్పులేసుకుని మండీకి వెళ్ళిపోయాడు.

"మాడిపోతాండాయి. లెయ్యండి" అంది పంకజాక్షి. గరిటె లాక్కుంది. మంట తగ్గించింది.

నాగలక్ష్మమ్మ లేచి పక్కకు జరిగింది, బయటికి పోలేదు. గోడకు ఆనుకుని నిలబడింది. పప్పు మెల్లగా రంగు తిరిగింది. తర్వాత నాగలక్ష్మమ్మ, పొయ్యి వైపే చూస్తూ అడిగింది.

"ఆ పాపకు నువ్వు పేరు పెట్టుకొంటివా?"

అప్పట్లో బిడ్డ నీరసంగా ఉందని నామకరణం వాయిదా వేశారు. తర్వాత ఆ అవసరం రాలేదు. ఆ ఇంట్లో ఎవరూ ఆ బిడ్డను పేరుతో పిలవలేదు.

"పెట్టుకొంటి" అంది పంకజాక్షి.

"ఏం పేరు?"

పంకజాక్షి పెనం దించింది. చీరకొంగుతో పట్టుకుని పప్పును చాటలోకి ఒంపింది.

"అది మీకు చెప్పను" అంది. చాట ఒళ్ళో పెట్టుకుని పొట్టు చెరగడం మొదలుపెట్టింది.